మన సర్కారు దవాఖానకు ఎన్‌క్వాస్ గుర్తింపు తెచ్చుకోవడం ఎలా?

"మా దవాఖానకు క్వాలిటీ సర్టిఫికెట్ రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే డాక్టర్లు, హెడ్ నర్సులు, దవాఖాన అభివృద్ధి కమిటీ సభ్యులు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. చాలాచోట్ల పని రంగులతో మొదలవుతుంది. గోడలు తళతళలాడుతుంటాయి, కాన్పుల గది ఫ్రిజ్‌లో థర్మామీటరు మాత్రం ఉండదు. మార్కులు పోయేది అక్కడే, తల్లికి ముప్పు వచ్చేదీ అక్కడే. అందుకే ఈ వరుసలో గోడల రంగుల జోలికి పోలేదు.

ముందు నాలుగు ముక్కలు తెలిస్తే చాలు. ఎన్‌క్వాస్ అంటే జాతీయ నాణ్యతా ప్రమాణాలు. కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో తెచ్చింది. ఇందులో 8 విషయాలు చూస్తారు: ఏయే సేవలు అందుతున్నాయి, రోగి హక్కులు, వనరులు, సహాయక సేవలు, వైద్యం, ఇన్‌ఫెక్షన్ నియంత్రణ, నాణ్యత నిర్వహణ, ఫలితాలు. సామాజిక ఆరోగ్య కేంద్రానికి 12 చెక్‌లిస్టులు ఉంటాయి: ఓపీ, ఐపీ, ఎమర్జెన్సీ, కాన్పుల గది, ఆపరేషన్ థియేటర్, నవజాత శిశువుల యూనిట్, ల్యాబ్, ఎక్స్‌రే, ఫార్మసీ, రక్త నిల్వ కేంద్రం, సహాయక సేవలు, పరిపాలన. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 6 మాత్రమే.

ప్రతి అంశానికి 2, 1, 0 మార్కులు. పూర్తిగా ఉంటే 2, సగం సగం ఉంటే 1, లేకపోతే 0. ల్యాబ్ చెక్‌లిస్టులో 100 అంశాలు ఉన్నాయనుకుందాం. మొత్తం 200 మార్కులు. మీకు 136 వస్తే 68 శాతం. దవాఖాన మొత్తానికి 82 శాతం వచ్చినా ఈ 68 మీకు అడ్డుపడుతుంది. ఎందుకంటే మొత్తం స్కోరు 70 దాటడంతో పని అయిపోదు. ప్రతి విభాగమూ 70 దాటాలి, పైన చెప్పిన 8 విషయాల్లో ప్రతి ఒక్కటీ 70 దాటాలి, ఆ 8 విషయాల కింద వచ్చే ఏ ఒక్క ప్రమాణమూ 50 కంటే తగ్గకూడదు. తల్లీపిల్లల సేవలు, రోగి జేబు మీద భారం పడకపోవడం, చట్టపరమైన అనుమతులు అనే మూడు కీలక ప్రమాణాల్లో ఒక్కోదానికీ 70 రావాలి. రోగుల సంతృప్తి 70 శాతం, లేదా 5కు 3.5 ఉండాలి.

గుర్తింపు 3 ఏళ్లు ఉంటుంది. ప్రమాణాలు నిలబెట్టుకుంటే పడకకు ఏటా 10,000 రూపాయల ప్రోత్సాహకం. 30 పడకల దవాఖానకు అది ఏడాదికి 3 లక్షలు.

మీ దగ్గర ఉండాల్సినవి

- మీ స్థాయి దవాఖానకు సరిపోయే చెక్‌లిస్టుల తాజా ప్రతి. జిల్లా ఆసుపత్రికి పెట్టింది తెచ్చి నింపితే నెల శ్రమ వృథా.
- కనీసం ఆరు నెలల సమయం. రికార్డులు మూడు నెలలవైనా వరుసగా చూపించాలి, అవి మొదలు కావడానికే రెండు మూడు నెలలు పడుతుంది.
- అభివృద్ధి సొసైటీ నిధుల నుంచి చిన్న కొనుగోళ్లకు ముందే తీర్మానం. థర్మామీటరు కోసం ఫైలు తిరుగుతూ కూర్చుంటే వానకాలం దాటుతుంది.
- ఫ్రిజ్ థర్మామీటర్లు, గది థర్మామీటర్లు, కొలపాత్రలు, మూతలున్న ప్లాస్టిక్ బకెట్లు, రంగుల సంచులు, ఆటోక్లేవ్ స్ట్రిప్పులు.
- ప్రతి విభాగానికి పేరు పెట్టి అప్పగించిన ఒక బాధ్యుడు.

డబ్బు, మనుషులు తక్కువగా ఉంటే ఒకేసారి 12 చెక్‌లిస్టుల మీద పడకండి. ముందు కాయకల్పలో, అంటే సర్కారు దవాఖానల శుభ్రతకు ఇచ్చే కేంద్ర పురస్కారంలో, 70 శాతం తెచ్చుకోండి. శుభ్రత, వ్యర్థాలు, ఇన్‌ఫెక్షన్ నియంత్రణ దానితో చాలావరకు దారిలో పడతాయి. తర్వాత కాన్పుల గది, థియేటర్ కోసం లక్ష్య అనే కేంద్ర నాణ్యతా కార్యక్రమం. ఆ రెండూ అయ్యాక ఎన్‌క్వాస్ సగం బరువు తగ్గుతుంది.

1. టీమును పేర్లతో వేయండి

సూపరింటెండెంట్, ఒక మెడికల్ ఆఫీసర్, హెడ్ నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, ఆఫీసు నుంచి ఒకరు, శానిటేషన్ సూపర్‌వైజరు. ఆఖరు మనిషిని వదిలేస్తుంటారు. అది పెద్ద తప్పు. ఇన్‌ఫెక్షన్ నియంత్రణ మార్కుల్లో చాలా భాగం శానిటేషన్ అక్కల చేతుల్లోనే ఉంటుంది. వాళ్లు కాంట్రాక్టు మనుషులని మీటింగు బయట నిలబెట్టకండి.

నెలకోసారి కూర్చోండి. మినిట్స్‌లో "చర్చించడమైనది" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఏ పని, ఎవరు, ఏ తేదీలోగా అని రాయండి. వచ్చే నెల మీటింగు ఆ పనులు అయ్యాయా లేదా అన్న దానితోనే మొదలవ్వాలి.

2. మొదటి లెక్క నిజాయితీగా వేసుకోండి

అసెసర్లు, అంటే తనిఖీ చేసి మార్కులు వేసేవాళ్లు, నాలుగు విధాలుగా చూస్తారు: కంటితో చూస్తారు, సిబ్బందిని అడుగుతారు, రికార్డు తిరగేస్తారు, రోగిని అడుగుతారు. ఈ నాలుగూ ఒకే మాట చెప్పాలి. మొత్తం తయారీ ఈ ఒక్క సూత్రం మీద నడుస్తుంది. రికార్డులో తల్లికి అన్నీ ఉచితమని ఉండి, తల్లి మాత్రం "బయట నుంచి గ్లౌజులు తెప్పించిన్రు" అంటే మార్కు తల్లి మాటకే పడుతుంది.

కాబట్టి లోపలి అసెస్‌మెంట్ టేబుల్ దగ్గర కూర్చుని చేయకండి. ఫార్మసీని హెడ్ నర్సు చూడాలి, వార్డును ఫార్మసిస్టు చూడాలి. ఎవరి విభాగం వాళ్లే చూసుకుంటే అన్నీ 2లే పడతాయి. మొదటిసారి 45, 50 శాతం వస్తే దిగులుపడొద్దు. 85 వచ్చిందంటేనే అనుమానించాలి.

జులై నుంచి అక్టోబరు దాకా జ్వరాల కాలం. ఏజెన్సీ వైపు మలేరియా, అంతటా డెంగీ. ఒక పడక మీద ఇద్దరున్న ఆ రోజుల్లోనే ఒక లెక్క వేసుకోండి. మీ అసలు బలహీనత అప్పుడే బయటపడుతుంది. బయటి అసెస్‌మెంట్ తేదీ కోరుకునేటప్పుడు మాత్రం మేడారం జాతర జరిగే ఏడాది మాఘమాసాన్ని తప్పించండి. ఆ సమయంలో సగం మందికి డ్యూటీలు జాతర క్యాంపుల్లోనే పడతాయి.

3. లోపాలను మూడు కుప్పలు చేయండి

పైసా ఖర్చు లేకుండా ఈ వారమే అయ్యేవి మొదటి కుప్ప. సొసైటీ నిధులతో నెలలో అయ్యేవి రెండోది. జిల్లా, రాష్ట్ర స్థాయిలో కావాల్సినవి మూడోది: స్పెషలిస్టు పోస్టు, కొత్త ఎక్స్‌రే మిషను, ర్యాంపు లాంటివి. మూడో కుప్పకు ఉత్తరం రాసి, ప్రతి దగ్గర పెట్టుకుని, మొదటి కుప్ప మీద పడండి. లోపాల్లో సగానికి పైగా అందులోనే ఉంటాయి. మూడో కుప్ప తెగేదాకా ఆగుదామనుకున్న దవాఖాన ఏళ్ల తరబడి ఆగుతూనే ఉంటుంది.

4. అనుమతుల ఫైలు ఇప్పుడే తెరవండి

ఇవి మీ చేతిలో ఉండవు, వారాలు నెలలు పడతాయి. కాలుష్య నియంత్రణ మండలి నుంచి బయోమెడికల్ వ్యర్థాల అనుమతి, వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం, ఫైర్ ఎన్‌ఓసీ, ఎక్స్‌రేకు అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు, స్కానింగ్ ఉంటే పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) రిజిస్ట్రేషన్, రక్త నిల్వ కేంద్రానికి అనుమతి. ఎక్స్‌రే టెక్నీషియన్‌కు టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటి మీద పడిన రేడియేషన్ కొలిచేది) ఉండటం ఒక్కటే సరిపోదు, దాని డోసు రిపోర్టులు కూడా ఫైలులో ఉండాలి. వ్యర్థాల వార్షిక నివేదిక ఏటా జూన్ 30లోగా పంపాలి. పంపిన రుజువు దాచుకోండి.

గడువు తేదీలన్నీ ఒకే కాగితం మీద రాసి ఆఫీసు గోడకు అంటించండి. గడువు దాటిన కాగితం లేని కాగితంతో సమానం.

5. కాన్పుల గది

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి.

గది వేడి 26 నుంచి 28 డిగ్రీలు. గోడకు థర్మామీటరు ఉండాలి. మే నెలలో మనకు ఉక్కపోస్తుందని ఏసీ 20లో పెడితే పుట్టిన బిడ్డ నిమిషాల్లో చల్లబడుతుంది. ఇది మార్కు కంటే పెద్ద విషయం. రేడియంట్ వార్మర్ కాన్పుకు ముందే వేసి ఉంచాలి.

ఏడు ట్రేలు సిద్ధంగా ఉండాలి: కాన్పు, ఎపిసియోటమీ (కాన్పు దారి దగ్గర పెట్టే కోత), బిడ్డ, మందులు, అత్యవసర మందులు, ఎంవీఏ (గర్భసంచిని శుభ్రం చేసే సిరంజి పరికరం), పీపీఐయూసీడీ (కాన్పు అయిన వెంటనే వేసే కాపర్ టీ). ప్రతి ట్రే మీద లోపల ఏముందో తెలుగులో జాబితా, ఎవరు ఏ తేదీన సరిచూశారో సంతకం.

బిడ్డకు ఊపిరి అందించే అంబూ బ్యాగుకు 0, 1 సైజు మాస్కులు రెండూ ఉండాలి. మాస్కును అరచేతికి గట్టిగా ఆనించి బ్యాగు నొక్కండి. చేతికి ఒత్తిడి తగిలి, వాల్వు తెరుచుకుంటే అది పనిచేస్తున్నట్టు. నొక్కగానే మెత్తగా ఖాళీ అయిపోతే ఎక్కడో లీకుంది. ప్రతి షిఫ్టు మొదట్లో ఈ పని అయిపోవాలి, అరనిమిషం కూడా పట్టదు.

కాన్పు తర్వాత రక్తస్రావాన్ని అడ్డుకునే ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాదు. బిడ్డ పుట్టిన నిమిషంలోగా 10 యూనిట్లు కండరానికి. ఏ నర్సును అడిగినా డోసు, సమయం తడుముకోకుండా రావాలి.

మెగ్నీషియం సల్ఫేట్ దగ్గర లెక్క తప్పడం చాలాచోట్ల కనిపిస్తుంది. గుర్రపు వాతానికి (బీపీ పెరిగి తల్లికి వచ్చే ఫిట్స్) మొదటి డోసు 14 గ్రాములు: నరానికి 4, రెండు పిరుదులకు చెరి 5. 50 శాతం ఆంప్యూల్ 2 మిల్లీలీటర్లలో ఉండేది 1 గ్రాము. అంటే ఒక్క తల్లికి 14 ఆంప్యూళ్లు కావాలి. ట్రేలో నాలుగు పెట్టి "ఉంది" అని టిక్కు కొడితే, అర్ధరాత్రి ఫిట్స్‌తో వచ్చిన తల్లికి మందు లేనట్టే. ఇరవై పెట్టండి. పక్కనే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ ఉండాలి.

ఇక పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎలా సాగుతోందో గుర్తులు పెట్టే చార్టు. గర్భాశయ ముఖం 4 సెంటీమీటర్లు తెరుచుకుని నొప్పులు క్రమంగా వస్తున్నప్పుడు మొదలుపెట్టాలి. కాన్పు అయ్యాక కూర్చుని నింపిన కాగితాన్ని అసెసర్ ఒక్క చూపులో పట్టేస్తారు. చుక్కలన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఒత్తిడితో ఉంటాయి. బిడ్డ గుండె మొదటి నుంచి చివరి దాకా 140. టైములన్నీ సరిగ్గా అరగంటకు అరగంట. నిజమైన పార్టోగ్రాఫ్ అలా ఉండదు. ఒకచోట 138, ఒకచోట 146, మధ్యలో డ్యూటీ మారి చేతిరాత మారుతుంది, ఒక మూల మరక ఉంటుంది. అందంగా లేకపోయినా సరే, ఆ పూట రాసిందే కావాలి. సురక్షిత కాన్పు చెక్‌లిస్టుకూ ఇదే మాట.

తోడుగా వచ్చిన ఆడమనిషిని లోపలికి రానివ్వాలి. టేబుళ్ల మధ్య కర్టెన్లు ఉండి, వాటిని వాడాలి. మడిచి కట్టేసిన కర్టెన్‌కు మార్కు రాదు.

6. ఇన్‌ఫెక్షన్ నియంత్రణ

ముందు క్లోరిన్ ద్రావణం. ఎక్కువ దవాఖానలు తప్పేది ఇక్కడే, ఎందుకంటే "ఒక మూత" లెక్కన కలుపుతారు. 1 శాతం ద్రావణానికి:

- 5 శాతం హైపో (సోడియం హైపోక్లోరైట్) అయితే 1 లీటరుకు 4 లీటర్ల నీళ్లు.
- 10 శాతం హైపో అయితే 1 లీటరుకు 9 లీటర్ల నీళ్లు.
- 30 శాతం బ్లీచింగ్ పౌడరు అయితే లీటరు నీళ్లకు 33 గ్రాములు.

డబ్బా మీద శాతం ఎంత ఉందో చూడకుండా కలపకండి. స్టాకు మారినప్పుడల్లా శాతం మారవచ్చు. రోజూ కొత్తగా కలిపి, బకెట్ మీద తేదీ, టైము, శాతం రాయాలి. బకెట్‌కు మూత ఉండాలి. మన ఎండలకు తెరిచిన బ్లీచింగ్ సంచి త్వరగా నిర్వీర్యమవుతుంది. వాసన ఘాటుగా లేదంటే, గడ్డకట్టిందంటే దాన్ని పక్కన పెట్టండి. బ్లీచింగ్‌ను బాత్రూం యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. రెండూ ఒకే అరలో పెట్టకండి.

రక్తం ఒలికితే ఏం చేయాలన్నది అసెసర్లు దాదాపు తప్పకుండా అడిగే ప్రశ్న. అదీ డాక్టరును కాదు, తుడిచే మనిషిని. సరైన జవాబు ఇలా వస్తుంది:

"అక్కా, నేల మీద రక్తం పడ్డది. ఏం చేస్తవు?"

"ముందుగాల బోర్డు పెడత సార్, ఎవ్వరు తొక్కకుండ. గ్లౌజులు, మాస్కు ఏసుకుంట. గాజు పెంకులుంటే చేత్తోని ముట్ట, అట్టముక్కతోని తీసి నీలం డబ్బల ఏస్త. రక్తం మీద పాత బట్ట పరిచి హైపో పోస్త. పది నిమిషాలు ఆగుత. బట్ట తీసి పచ్చ సంచిల ఏసి, మళ్ల తుడుస్త."

ఆమె "పచ్చ" అన్నది పసుపు. మన దగ్గర పసుపును పచ్చ అనడం మామూలే, బయటి రాష్ట్రం నుంచి వచ్చిన అసెసర్‌కు అది ఆకుపచ్చ అని చేరితే మార్కు పోతుంది. అందుకే రంగు పేరు చెప్పేటప్పుడు సంచిని చేత్తో చూపించమనండి. ఇంకో సంగతి: ఈ జవాబు బట్టీ పట్టిస్తే మధ్యలో ఒక ప్రశ్న అడగ్గానే తెగిపోతుంది. ఎర్రరంగు నీళ్లు నేల మీద పోసి, నిజంగా చేయించండి. మూడుసార్లు చేసిన మనిషి ఆ తర్వాత మరిచిపోదు.

సంచుల రంగులు: రక్తం అంటిన దూది, బట్ట, మావి, గడువు దాటిన మందులు పసుపులో. సెలైన్ పైపులు, సూది తీసేసిన సిరంజిలు, గ్లౌజులు ఎరుపులో. సూదులు, బ్లేడ్లు తెల్లటి గుచ్చుకోని డబ్బాలో. గాజు సీసాలు, ఆంప్యూళ్లు నీలం డబ్బాలో. వార్డుల్లో తప్పు ఎక్కువగా జరిగేది భోజనం పొట్లాలు, అరటి తొక్కలు పసుపు సంచిలో పడటం వల్ల. దాని పక్కనే మామూలు చెత్తడబ్బా లేకపోవడమే కారణం. డబ్బా పెట్టండి, సగం సమస్య తీరుతుంది.

వ్యర్థాల గదిలో 48 గంటలకు మించి ఏదీ ఉండకూడదు. వరుస సెలవులు వచ్చినప్పుడు బండి వచ్చిందో లేదో రిజిస్టరులో చూడండి. గదికి తాళం, కిటికీలకు గట్టి జాలి తప్పదు. మన ప్రాంతంలో కోతులు ఎంతకైనా తెగిస్తాయి. పసుపు సంచి ఒకటి చించాయంటే ఆవరణంతా దూది. నీళ్ల ట్యాంకు మూతకూ గొళ్లెం వేయండి, అవి దాన్ని ఎత్తి దిగుతాయి.

ఊడ్పు పొరక రోగులున్న గదుల్లో వద్దు, దుమ్ము లేచి గాయాల మీద పడుతుంది. మూడు బకెట్లు: సబ్బునీళ్లు, మంచినీళ్లు, మందునీళ్లు. లోపలి నుంచి గుమ్మం వైపు తుడవాలి. కాన్పుల గది, థియేటర్ మాపులు వేరుగా, గుర్తు పెట్టి ఉంచాలి.

ఆటోక్లేవ్ 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి. చుట్టిన సెట్లకు 30 నిమిషాలు, చుట్టనివాటికి 20. టైము ఒత్తిడి అందిన తర్వాత మొదలవుతుంది, స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. ప్రతి సెట్టు లోపల స్ట్రిప్పు పెట్టి, రంగు మారిన స్ట్రిప్పును రిజిస్టరులో అంటించండి. డ్రమ్ము మీద స్టెరిలైజ్ చేసిన తేదీ లేకపోతే లోపలి సెట్టును వాడకండి.

చేతుల శుభ్రత: ఆరు దశలు, సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు. సూది గుచ్చుకుంటే సబ్బుతో కడగాలి, పిండకూడదు, నోట్లో పెట్టకూడదు, వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ నివారణ మందు వీలైతే 2 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలవ్వాలి. రాత్రిపూట ఆ మందు ఎక్కడుంది, ఎవరిని పిలవాలి అన్నది గోడ మీద రాసి ఉండాలి.

7. మందుల స్టోరు

పెట్టెలు నేల నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో, గోడకు 30 సెంటీమీటర్ల దూరంలో. ముందు గడువు తీరేది ముందు వాడాలి. ఇది చేయాలంటే కొత్త స్టాకును వెనక్కి పెట్టాలి. హడావిడిలో లారీ దిగిన పెట్టెలు ముందు వరుసలోకి వస్తాయి, పాతవి వెనక గడువు దాటిపోతాయి. ఒకేలా కనిపించే, ఒకేలా వినిపించే మందులను పక్కపక్కన పెట్టకండి. పొటాషియం క్లోరైడ్ లాంటి ప్రమాదకర మందులు విడిగా, ఎర్ర లేబుల్‌తో.

రేకుల కప్పు కింద స్టోరు ఉంటే ఏప్రిల్, మే నెలల్లో గది వేడి రోజుకు రెండుసార్లు రాయండి. ఏసీ కోసం రాసే ఉత్తరానికి ఆ చార్టే బలం.

ఫ్రిజ్ చార్టు గురించి ఒక మాట. నెలంతా, ఉదయం సాయంత్రం, 4.0, 4.0, 4.0 అని ఉంటే ఎవరూ నమ్మరు. కరెంటు పోయిన రోజు 9 వచ్చిందని రాసి, పక్కన "మందులు ఐస్ ప్యాకుల పెట్టెలోకి మార్చాం, జనరేటర్ వేశాం, 40 నిమిషాలకు 6" అని ఉంటే దానికి పూర్తి మార్కు. తప్పు జరగలేదని చూపించడం కంటే, జరిగినప్పుడు ఏం చేశారో చూపించడం ముఖ్యం.

8. రోగి కళ్లతో ఒకసారి నడవండి

గేటు దగ్గర నిలబడి, చదువు రాని మనిషిలా కాన్పుల గదికి దారి వెతకండి. బోర్డులు తెలుగులో, బొమ్మలతో ఉండాలి. వరంగల్ పట్టణం వైపు ఉర్దూ కూడా. తండాల నుంచి, కోయగూడేల నుంచి వచ్చేవాళ్లకు అంగీకార పత్రం మీద వేలిముద్ర వేయించేముందు, వాళ్ల భాష తెలిసిన ఆశా కార్యకర్తతోనో ఆయాతోనో విషయం చెప్పించాలి. ఉన్న మందుల పట్టిక ఫార్మసీ ముందు పెట్టి, తేదీ మార్చుతూ ఉండాలి.

రోగిని అసెసర్ అడిగే ప్రశ్నల్లో ఒకటి పైసల గురించి. మగబిడ్డ పుడితే ఇంత, ఆడబిడ్డ పుడితే ఇంత అని చేయి చాచే అలవాటు ఎక్కడున్నా, అది కీలక ప్రమాణాన్నే పడగొడుతుంది. అంతకంటే ముందు, కూలి మానుకుని వచ్చిన కుటుంబాన్ని దోచినట్టు అవుతుంది. సూపరింటెండెంట్ దీన్ని మీటింగులో పైపైన హెచ్చరించి వదిలేయొద్దు. ఇంటికి వెళ్లే తల్లులను డిశ్చార్జి రోజు విడిగా అడగండి. ఫిర్యాదు చేయాల్సిన నంబరు వార్డులోనే రాయించండి.

సంతృప్తి ఫారాలు నెలకు ఓపీ నుంచి 30, ఐపీ నుంచి 30 చొప్పున తీసుకోండి. వార్డు నర్సు చేత నింపించొద్దు, సెలైన్ ఎక్కించిన మనిషి ముందు ఎవరూ "బాగోలేదు" అనరు. అన్నీ 5కు 5 వస్తే పద్ధతి మార్చండి. తక్కువ మార్కు వచ్చిన రెండు ప్రశ్నలు పట్టుకుని, ఏం సరిచేశారో రాయండి. మన దగ్గర తరచుగా తక్కువ పడేవి బాత్రూములు, ఓపీలో నిలబడే సమయం.

9. కాగితాలు

ప్రతి విభాగానికి పని విధానం రాసి ఉండాలి. వేరే దవాఖాన నుంచి తెచ్చి పేరు మార్చి అతికించినవి సులభంగా దొరికిపోతాయి, మీ దగ్గర లేని సీటీ స్కాన్ గురించి అందులో రాసి ఉంటుంది. రెండు పేజీలైనా మీరు చేసేదే రాయండి.

సూచికలు నెలనెలా: పడకల వినియోగం, సగటు బస, ఓపీలో నిరీక్షణ, వైద్యం మధ్యలో వెళ్లిపోయినవాళ్లు, సిజేరియన్ల శాతం. పడకల లెక్క తేలిక. 30 పడకలు, 30 రోజులు అంటే 900. ఆ నెల రోగులు ఉన్న పడక రోజులు 630 అయితే 70 శాతం. అంకె వేసి వదిలేయకుండా, గత నెలకంటే ఎందుకు మారిందో ఒక వాక్యం రాయండి. ప్రిస్క్రిప్షన్ ఆడిట్, మరణాల సమీక్ష కూడా నెలనెలా.

10. రిహార్సల్, దరఖాస్తు, ఆ రోజు

పక్క దవాఖాన టీమును పిలిచి ఒకసారి చూపించుకోండి, మీరు వాళ్లది చూడండి. రాష్ట్ర స్థాయి అసెస్‌మెంట్‌లో 70 దాటాక దరఖాస్తు జాతీయ స్థాయికి వెళుతుంది.

రిహార్సల్‌లో రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి చెప్పకుండా రండి. ఇవి చూడండి:

- క్రాష్ కార్టులో (అత్యవసర మందుల బండి) ఏవైనా మూడు మందులు తీసి గడువు తేదీ చదవండి.
- డ్యూటీ నర్సును ఆక్సిజన్ సిలిండర్ తెరిచి చూపించమనండి. స్పానర్ ఎక్కడుంది?
- మంటలార్పే సిలిండర్ ముల్లు ఆకుపచ్చలో ఉందా? సెక్యూరిటీ మనిషికి పిన్ను తీయడం వచ్చా?
- పాముకాటుతో ఒకరు వచ్చారనుకుని అడగండి. విరుగుడు ఎన్ని వయల్స్ ఉన్నాయి, తాళం చెవి ఎవరి దగ్గర?
- కుళాయి తిప్పండి. నీళ్లు, సబ్బు రెండూ ఉన్నాయా?

పగలు 2 వచ్చిన అంశం రాత్రి 0 అయితే, అది 0 అనే రాసుకోండి.

అసెసర్లు చాలాసార్లు వేరే రాష్ట్రం నుంచి వస్తారు. తెలుగు, హిందీ రెండూ వచ్చిన ఒకరిని తోడివ్వండి. ఆ మనిషి ప్రశ్నను మాత్రమే చెప్పాలి, జవాబు అందించకూడదు. సిబ్బందికి తెలియనిది అడిగితే "తెలియదు, ఫలానా చోట చూసి చెప్తా" అని ఆ చార్టు చూపిస్తే నష్టం తక్కువ. ఊహించి చెప్పిన జవాబు వెంట నాలుగు ప్రశ్నలు వస్తాయి. ఆ రోజు కోసం ఓపీ తగ్గించకండి, పడకలు ఖాళీ చేయించకండి.

ఎక్కువగా జరిగే తప్పులు

అప్పటికప్పుడు అన్ని రిజిస్టర్లూ కొత్తవి తెరిచి వెనక తేదీలు వేయడం. అది లోపం స్థాయి దాటి మోసం అవుతుంది, మిగతా రికార్డుల మీదా నమ్మకం పోతుంది.

శిక్షణ అంతా ఒక్క చురుకైన నర్సుకే ఇవ్వడం. ఆమె బదిలీ అయిన రోజు మొత్తం పోతుంది.

ల్యాబ్‌ను చివరికి వదిలేయడం. రోజువారీ కంట్రోల్ రన్ (తెలిసిన నమూనాతో మిషనును సరిచూడటం), ప్రమాదకర విలువలు వచ్చినప్పుడు డాక్టరుకు ఫోను చేసిన రిజిస్టరు, ఈ రెండూ మూడు నెలల ముందు నుంచే ఉండాలి. ఒక్క రాత్రిలో తయారయ్యేవి కావు.

పరికరాలకు కాలిబ్రేషన్ (కొలత సరిచూసిన) స్టిక్కరు లేకపోవడం. బీపీ మిషను, బరువు తూచే మిషను కూడా ఇందులోకి వస్తాయి. పసిపిల్లల తూకం 100 గ్రాములు తప్పితే మందు డోసూ తప్పుతుంది.

గుర్తింపు వచ్చాక

సర్టిఫికెట్‌తో పాటు మిగిలిన లోపాల జాబితా వస్తుంది. దాన్ని ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ వెనక దాచేయకుండా, వచ్చే నెల మీటింగు ఎజెండాలో మొదటి అంశంగా పెట్టండి. మొదటి రెండేళ్లూ రాష్ట్ర బృందం ఏటా వచ్చి చూస్తుంది. మూడో ఏడు ముగిసేలోగా మళ్లీ అసెస్‌మెంట్ కావాలి, కాబట్టి గడువుకు ఆరు నెలల ముందే దరఖాస్తు పనులు మొదలుపెట్టండి.

మూడు నెలలకోసారి లోపలి అసెస్‌మెంట్ ఆపకండి. కొత్తగా వచ్చిన ప్రతి నర్సుకూ, ప్రతి శానిటేషన్ అక్కకూ మొదటి వారంలోనే చేతుల శుభ్రత, సంచుల రంగులు, క్లోరిన్ కలపడం చేయించి చూడండి. చూసిన తేదీ, చూసినవాళ్ల సంతకం ఆమె పేరు పక్కన ఉండాలి.